కారు ఇంజన్ ఆయిల్‌ను మొదటిసారి ఇంట్లోనే మార్చబోతున్నాను: ఏ బోల్టు విప్పాలి, ఎంత బిగించాలి?

ప్రశ్న

నమస్కారం. కారు నడపడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. ఇన్నేళ్లలో ఇంజన్ ఆయిల్ ఎన్నోసార్లు మార్పించాను గాని, నా చేతితో ఒక్కసారీ మార్చలేదు. ఈసారి ఆ పని నేనే చేయాలనుకోవడానికి ఒక కారణం ఉంది. పోయినసారి సర్వీసు చేయించి తెచ్చుకున్న నెల రోజులకు, కారు నిలిపే చోట అరచేయంత నూనె మరక కనిపించింది. మరో మెకానిక్‌కు చూపిస్తే, ఆయిల్ ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు బోల్టుకు పాత వాషర్‌నే మళ్లీ వేసి, కారకుండా ఉండాలని బలమంతా పెట్టి బిగించారని, అందువల్ల వాషర్ నలిగి చీలిపోయిందని, ఇంకొంచెం బిగిస్తే ఛాంబర్ మరలే పోయేవని చెప్పారు. గోరంత వాషర్ కొత్తది వేయగానే కారడం ఆగిపోయింది. ఇంత చిన్న విషయం మీద ఇంజన్ ఆధారపడి ఉందని తెలిశాక, ఆ పని నా కళ్ల ముందు, నా చేతులతో జరగాలనిపించింది.

నాది మాన్యువల్ గేర్లున్న పెట్రోల్ కారు. కారుతో వచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ-30 ఆయిల్ వాడాలని, ఫిల్టర్ కూడా మారిస్తే 3.7 లీటర్లు పడుతుందని రాసి ఉంది. 4 లీటర్ల డబ్బా, కొత్త ఫిల్టర్, కొత్త వాషర్ తెచ్చి పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం కారు ముందు నేల మీద పడుకుని టార్చి వేసి చూస్తే, నేను ఒకటే ఉంటుందనుకున్న బోల్టులు రెండు కనిపించాయి. ఒకటి నల్ల రంగు వేసిన రేకు తొట్టిలాంటి భాగానికి, రెండోది దాని పక్కనే ఉన్న వెండి రంగు పోత భాగానికి ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండటంతో దేనినీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను.

నా సందేహాలు ఇవి. ఆ రెండింటిలో ఏది ఇంజన్ ఆయిల్ బోల్టు? కారుతో వచ్చిన జాక్ మీద ఎత్తి కింద పని చేయవచ్చా? ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ దించాలా, చల్లారాకా? నా దగ్గర టార్క్ రించ్ (బిగింపు బలాన్ని కొలిచి చెప్పే స్పానర్) లేదు, కాబట్టి బోల్టు సరిగ్గా బిగిసిందని ఎలా తెలుసుకోవాలి? చివరిగా, మా బంధువు ఒకరు ఎండలు ముదురుతున్నాయి గనుక 20డబ్ల్యూ-50 వంటి చిక్కటి ఆయిల్ పోస్తేనే ఇంజన్‌కు బలమని గట్టిగా అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. పదిహేనేళ్లుగా మా ఇంటి కార్లకు ఆయిల్ నేనే మారుస్తున్నాను. రెండు బోల్టులు కనిపించగానే మీరు చేయి వెనక్కి తీసుకున్నారు చూడండి, అది చాలా మంచి పని. ఎందుకంటే అక్కడే పొరబడినవాణ్ణి నేను. మొదటిసారి మార్చినప్పుడు ఏ అనుమానమూ లేకుండా చేతికి అందిన బోల్టు విప్పేశాను. నల్లగా రావలసిన ఆయిల్ తేనె రంగులో, తేటగా, గంధకం వాసనతో జారింది. అది గేర్‌బాక్స్ ఆయిల్ అని అర్థమై బోల్టు తిరిగి పెట్టేలోపు సగానికి పైగా బేసిన్‌లోకి వచ్చేసింది. రంగు చూసి ఆగాను గనుక సరిపోయింది. గమనించకుండా అదే ఊపులో పైనుంచి కొత్త ఇంజన్ ఆయిల్ పోసి ఉంటే, ఇంజన్‌లో పాత ఆయిల్ మీద కొత్తది చేరి రెండింతలయ్యేది, గేర్‌బాక్స్ ఏమో చుక్క లేకుండా తిరిగేది. ఒకే తప్పుతో రెండూ పాడయ్యేవి.

గుర్తుపట్టే పద్ధతి చెబుతాను. ఇంజన్ అడ్డంగా అమర్చిన ముందు చక్రాల డ్రైవ్ కార్లలో, ముందు చక్రాలకు వెళ్లే రెండు ఇరుసులూ గేర్‌బాక్స్ భాగంలోంచే బయటికి వస్తాయి. కాబట్టి చక్రం నుంచి ఇరుసును కంటితో పట్టుకుని లోపలికి వెళ్తే అది ఏ పోత భాగంలో దూరుతుందో అదే గేర్‌బాక్స్, దాని అడుగున ఉన్న బోల్టు జోలికి పోకూడదు. ఇంకో వైపు నుంచి కూడా సరిచూసుకోండి: బానెట్ ఎత్తి చూస్తే పుల్లీలు, బెల్టు ఒక కొసన ఉంటాయి, ఆ కొస ఇంజన్‌ది, దానికి ఎదుటి కొస గేర్‌బాక్స్‌ది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కొలపుల్ల) గొట్టం ఎటు దిగుతుందో చూసినా ఆయిల్ ఛాంబర్ ఏ వైపు ఉందో తెలుస్తుంది. మీరు వర్ణించిన నల్ల రేకు తొట్టే ఆయిల్ ఛాంబర్ అయి ఉండాలి, కానీ కొన్ని ఇంజన్లకు ఛాంబర్ కూడా అల్యూమినియం పోతతోనే చేస్తారు గనుక రంగును నమ్మి నిర్ణయించకండి. ఇరుసుల గుర్తు, డిప్‌స్టిక్ గుర్తు రెండూ కలిసిన తర్వాతే స్పానర్ పట్టుకోండి.

ఇక జాక్ సంగతి. దీనిపై నేను మెత్తగా మాట్లాడలేను. కారుతో వచ్చే జాక్ చక్రం మార్చడానికి మాత్రమే ఉద్దేశించినది, దాని మీద నిలిపిన కారు కిందికి తల కాదు కదా, చేయి కూడా పెట్టకూడదు. హైడ్రాలిక్ జాక్ అయినా సరే, అది ఎత్తడానికే గాని మోయడానికి కాదు, ఎందుకంటే లోపలి సీలు తెగితే కారు క్షణంలో దిగిపోతుంది. మీకు కావలసినవి కారు బరువుకు తగిన ఒక జత స్టాండ్లు, లేదా ముందు చక్రాలను ఎక్కించే ర్యాంపులు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చూడటానికి గట్టిగా ఉన్నా బరువు ఒకచోట పడగానే ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగులుతాయి, వాటిని అస్సలు వాడవద్దు. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేల మీదా, ఎండకు మెత్తబడే తారు మీదా స్టాండు కాళ్లు దిగబడతాయి.

ముందు భాగం ఎత్తేముందు హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. గేరులో ఉంచాను కదా, కదలదులే అని చాలామంది అనుకుంటారు, కానీ గేరు పట్టి ఉంచేది ముందు చక్రాలనే, అవి ఇప్పుడు గాలిలో ఉన్నాయి. స్టాండ్లను పుస్తకంలో చూపిన గట్టి చోట్ల కిందనే ఉంచి, కారును వాటి మీదికి దించి, కిందికి వెళ్లకముందే బంపరు పట్టుకుని రెండు మూడుసార్లు గట్టిగా ఊపి చూడండి. పడేదేదైనా ఉంటే మీరు బయట ఉన్నప్పుడే పడాలి. స్పేర్ చక్రాన్ని తీసి పక్క అంచు కింద పడుకోబెడితే అదనపు రక్ష. ఇంట్లో ఎవరికో ఒకరికి మీరు కారు కింద ఉన్నారని చెప్పి దిగండి. ఒక మాట: కారు నేల నుంచి తగినంత ఎత్తులో ఉండి, బోల్టు చేతికి అందేటట్లయితే, ఎత్తకుండానే పని ముగించడం అన్నింటికన్నా మేలు.

వేడి గురించి అడిగారు. పూర్తిగా చల్లగా ఉన్న ఆయిల్ మందంగా జారుతుంది, గోరువెచ్చగా ఉంటే త్వరగా, మురికితో సహా దిగుతుంది. ఐదు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపి, కారు ఎత్తి సిద్ధం చేసుకునేసరికి తగిన వెచ్చదనానికి వస్తుంది. దూరం తిరిగి వచ్చిన వెంటనే మాత్రం చేయకండి. అప్పుడు ఆయిల్ చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది, పక్కనే ఉండే సైలెన్సర్ గొట్టం అంతకంటే వేడిగా ఉంటుంది. నా ముంజేతి మీద ఉన్న మచ్చ ఆయిల్ వల్ల వచ్చింది కాదు, ఆ గొట్టం తగిలి వచ్చింది.

రెండో సమాధానం

పైన చెప్పినదంతా నూటికి నూరుపాళ్లు నిజం. నేను బిగింపు గురించి, ఫిల్టర్ గురించి చెబుతాను, ఎందుకంటే ఇంట్లో చేసిన ఆయిల్ మార్పు తర్వాత కారడం అనేది దాదాపుగా ఈ రెండు చోట్ల నుంచే వస్తుంది.

ముందుగా ఒక క్రమం పాటించండి. కింద బోల్టు విప్పకముందే, పైన ఆయిల్ పోసే మూత తిరుగుతుందో లేదో, ఫిల్టర్ కదులుతుందో లేదో చూసుకోవాలి. ఆయిల్ అంతా దించేసిన తర్వాత ఫిల్టర్ రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది, విడిభాగం కోసం వెళ్లడానికి కూడా పనికిరాదు. ఫిల్టర్‌ను పావు చుట్టు వదులు చేసి కదిలిందని నిర్ధారించుకున్నాక, తిరిగి చేత్తో బిగించి, అప్పుడు బోల్టు దగ్గరికి వెళ్లండి.

బోల్టుకు సరిగ్గా అతికే రింగు స్పానర్ గాని సాకెట్ గాని వాడండి, రెండు వైపులా తెరిచి ఉండే స్పానర్ జారితే బోల్టు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. స్పానర్‌తో ఒక చుట్టు వదులు చేసిన తర్వాత మిగతాదంతా వేళ్లతో విప్పండి. విప్పుతున్నంతసేపూ బోల్టును పైకి నొక్కి పట్టుకుంటే చివరి మర దాటేవరకు ఆయిల్ రాదు. మరలు పూర్తయినట్టు వేళ్లకు తెలిసిన క్షణంలో చేతిని చటుక్కున పక్కకు లాగాలి. అప్పుడు ఆయిల్ తిన్నగా కిందికి పడదు, పిల్లనగ్రోవి లావున ధారగా జానెడు దూరం ముందుకు ఎగిరి పడుతుంది, ఛాంబర్ ఖాళీ అవుతున్న కొద్దీ ఆ ధార వెనక్కి వచ్చి రంధ్రం కిందనే పడుతుంది. కనుక బేసిన్ వెడల్పుగా, ఆరు లీటర్లకు తక్కువ కాకుండా ఉండాలి, దాన్ని బోల్టు కింద కాక, ధార పడే వైపుకు కొంచెం జరిపి పెట్టాలి. చుక్కలు ఆగేదాకా ఓపికపట్టండి, పదిహేను ఇరవై నిమిషాలు పట్టవచ్చు.

ఆ సమయంలో బోల్టును గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. కొన్ని బోల్టుల కొసన అయస్కాంతం ఉంటుంది, దానికి బూడిద రంగు మెత్తటి పేస్టులాంటి పొడి అంటుకుని ఉండటం సహజమే. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం కొత్త ఆయిల్ పోసి నడపకుండా మెకానిక్‌కు చూపించండి. పాత వాషర్ ఒక్కోసారి ఛాంబర్‌కే అతుక్కుని ఉండిపోతుంది. బోల్టుకు లేదు గదా అని దాని మీదనే కొత్తది వేస్తే ఆ రెంటి మధ్య నుంచి కారుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఎంత బిగించాలి అన్నది. అంకె కారు కారుకూ మారుతుంది గనుక మీ మోడల్ రిపేరు పుస్తకంలోని అంకెనే తీసుకోవాలి, చాలా కార్లకు అది 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. అంటే ఎంత బలమో చేతికి అర్థమయ్యేలా చెబుతాను. 20 సెంటీమీటర్ల స్పానర్ చివర 15 కిలోల బరువు వేలాడదీస్తే ఇంచుమించు 30 న్యూటన్ మీటర్లు అవుతుంది. అదే 40 సెంటీమీటర్ల పొడుగు పిడి చివర మనిషి తన 60 కిలోల బరువంతా మోపితే 235 న్యూటన్ మీటర్లు దాటుతుంది, అంటే కావలసిన దానికి దాదాపు ఎనిమిది రెట్లు. మీ వాషర్ ఎందుకు చీలిపోయిందో ఈ లెక్కతోనే తెలిసిపోతుంది. అల్యూమినియం ఛాంబర్‌లో మరలు అంత బలాన్ని తట్టుకోలేవు, ఒక్కసారి మరలు పోతే వాషర్ మార్చినంత సులువుగా బాగుపడవు.

టార్క్ రించ్ ఎవరి దగ్గరైనా ఒక్క పూట అడిగి తెచ్చుకోమనే నా సలహా. దొరకకపోతే ఇలా చేయండి. బోల్టును చివరిదాకా వేళ్లతోనే ఎక్కించండి, మొదటి మరలోనే బిగుసుకుంటే అది వంకరగా ఎక్కుతోందన్నమాట, బలవంతం చేయకుండా వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. వాషర్ తగిలిన తర్వాత పొట్టి స్పానర్‌ను మధ్యకు దగ్గరగా పట్టుకుని, మణికట్టు బలంతో మాత్రమే తిప్పండి. కొత్త వాషర్ కొద్దిగా నలుగుతున్నప్పుడు స్పానర్ మెత్తగా కదిలి, తర్వాత గట్టిగా నిలబడిపోతుంది. ఆ తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఆపేయాలి. భుజం బలం వాడాల్సి వస్తోందంటే హద్దు దాటారని అర్థం.

ఫిల్టర్ దగ్గర గుర్తుంచుకోవలసిన ప్రమాదం ఒక్కటే, కానీ అది చాలా పెద్దది. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఊడి ఇంజన్ ముఖానికి అంటుకుని ఉండిపోవచ్చు. నల్లటి ఆయిల్‌లో నల్లటి రింగు కంటికి ఆనదు. దాని మీద కొత్త ఫిల్టర్ రింగు కూర్చుంటే ఇంజన్ మొదలైన కొద్దిసేపటికే ఒత్తిడికి రింగు జారి, లీటర్ల కొద్దీ ఆయిల్ నేలపాలవుతుంది. పాత ఫిల్టర్‌ను తిప్పి చూసి రింగు దానికే ఉందో లేదో కళ్లతో చూడండి, ఇంజన్ ముఖాన్ని గుడ్డతో తుడిచి వేలితో ఒకసారి చుట్టూ తడమండి. తర్వాత కొత్త రింగుకు వేలితో పల్చగా కొత్త ఆయిల్ రాసి, ఫిల్టర్‌ను చేత్తో ఎక్కించి, రింగు తగిలిన చోటు నుంచి డబ్బా మీద రాసినంత మేరకు బిగించండి. సాధారణంగా అది ముప్పావు చుట్టు ఉంటుంది. బిగించడానికి ఏ పరికరమూ వాడకండి, చేయి చాలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇరుసుల గుర్తుతో చూశాను, వెండి రంగు భాగంలోకే రెండు ఇరుసులూ వెళ్తున్నాయి, డిప్‌స్టిక్ గొట్టం నల్ల తొట్టి వైపు దిగుతోంది. మనసు కుదుటపడింది. స్టాండ్లూ, టార్క్ రించ్ కూడా తెలిసినవారి దగ్గర దొరికాయి. అయితే ఫిల్టర్ చేతికి ఎంతమాత్రం కదలడం లేదు. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పమని ఒకరు చెప్పారు, అలా చేయవచ్చా? ఇంకో సందేహం, 3.7 లీటర్లూ ఒకేసారి పోసేయవచ్చా?

మూడో సమాధానం

స్క్రూడ్రైవర్ గుచ్చకండి. ఫిల్టర్ రేకు పల్చన, గుచ్చి తిప్పితే కాగితంలా చిరిగిపోతుంది గాని తిరగదు, ఆ తర్వాత పట్టుకోవడానికి పిడి కూడా మిగలదు. ఫిల్టర్ చివర టోపీలా అతికే సాకెట్ గాని, చుట్టూ పట్టీ వేసి లాగే రించ్ గాని విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. అవి తెచ్చుకునే ముందు, ఫిల్టర్ మీది జిడ్డును పూర్తిగా తుడిచి, పొడి రబ్బరు గ్లోవ్ వేసుకుని ఒకసారి ప్రయత్నించండి, చాలాసార్లు పట్టు లేకనే కదలదు. తిప్పే దిశ కూడా చూసుకోండి. ఫిల్టర్ అడుగు మీ ముఖం వైపు ఉండగా చూస్తూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. అదే ఫిల్టర్‌ను పైనుంచి వంగి పట్టుకుంటే ఎడమ కుడి తారుమారవుతాయి, అలా తెలియక ఇంకా బిగించేవారు ఉన్నారు.

పోయడం గురించి: మొదట 3.2 లీటర్లు పోయండి. మిగతాది కొలిచి కలపాలి. ఛాంబర్‌లోని పాత ఆయిల్ చివరి చుక్కదాకా ఎప్పుడూ దిగదు గనుక పుస్తకంలోని అంకె కన్నా కొంచెం తక్కువ పట్టవచ్చు. తక్కువైతే పోయడం క్షణం పని, ఎక్కువైతే తీయడం మళ్లీ కింద పడుకునే పని. ఇంజన్ లోపల తిరిగే ప్రధాన కడ్డీ అయిన క్రాంక్‌షాఫ్ట్ ఎక్కువైన ఆయిల్‌లో మునిగి దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ లోహాల మధ్య పొరలా నిలబడదు. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీది కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ఒక లీటరు దగ్గరగా ఉంటుంది, దాన్ని బట్టి ఎంత కలపాలో అంచనా వేసుకోవచ్చు.

ఇప్పుడు మీ బంధువు గారి సలహా. అది ప్రేమతో చెప్పినదే, ఒకప్పటి ఇంజన్ల అనుభవంతో చెప్పినదే, కానీ మీ కారుకు వర్తించదు. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ చలికాలానికి గుర్తు, దాని ముందున్న 5 అనేది చలిలో ఇంజన్ మొదలయ్యేటప్పుడు ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది, ఆ అంకె తగ్గిన కొద్దీ ఆయిల్ చలిలో తొందరగా పాకుతుంది. వెనక ఉన్న 30 అనేది ఇంజన్ వేడెక్కిన స్థితిలో చిక్కదనం. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి, 50 గ్రేడ్‌కు అది 16.3 నుంచి 21.9 లోపు. అంటే వేడెక్కిన తర్వాత కూడా 50 గ్రేడ్ ఆయిల్ 1.3 రెట్లకు తక్కువ కాకుండా చిక్కగా ఉంటుంది.

బయట ఎండ ఎంత కాసినా, ఇంజన్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ ఒక స్థాయిలో నిలిపి ఉంచుతాయి. అందుకే పుస్తకం ఆ వేడికి తగిన గ్రేడ్‌ను సూచిస్తుంది. నేటి ఇంజన్లలో బేరింగుల మధ్య సందులు సన్నవి, పైగా వాల్వుల టైమింగును మార్చే అమరికలు చాలావాటిలో ఆయిల్ ఒత్తిడితోనే సన్నటి దారుల గుండా పని చేస్తాయి. చిక్కటి ఆయిల్ ఆ దారుల్లోకి ఆలస్యంగా చేరుతుంది, ఉదయం ఇంజన్ మొదలైన తొలి క్షణాల్లో అరుగుదల పెరుగుతుంది, ఇంధనమూ ఎక్కువ ఖర్చవుతుంది. ఒకవేళ వేడి ప్రదేశాలకు వేరే గ్రేడ్ వాడవచ్చని మీ పుస్తకంలోనే పట్టిక ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఆ పట్టికే ప్రమాణం.

గ్రేడ్ ఒక్కటే చూసి డబ్బా తెచ్చుకోకూడదని కూడా చెప్పాలి. డబ్బా వెనక ఏపీఐ (ఆయిల్ నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించే అమెరికన్ పెట్రోలియం సంస్థ) అని, దాని పక్కన రెండక్షరాలు ఉంటాయి. అందులో మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోల్ ఇంజన్లకు, సి అయితే డీజిల్ ఇంజన్లకు. పెట్రోల్ వర్గంలో ఎస్‌పీ 2020లో అమల్లోకి వచ్చింది, పుస్తకంలో ఎస్ఎన్ అని ఉంటే ఎస్‌పీ నిశ్చింతగా వాడవచ్చు. పొగ వడపోత ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ కావాలి, టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజన్లకు తయారీదారు చెప్పిన ప్రమాణం తు.చ. తప్పకుండా పాటించాలి, లేకపోతే బెల్టు రబ్బరు పాడై ఆ ముక్కలు ఆయిల్ దారులను మూసేస్తాయి.

మొదటి సమాధానం ఇచ్చినవారు

పై మిత్రులు పోయడం వరకు చెప్పారు కనుక ఆ తర్వాతిది నేను పూర్తి చేస్తాను. ఆయిల్ పోసి మూత పెట్టాక ఇంజన్ మొదలుపెట్టండి, యాక్సిలరేటర్ తొక్కవద్దు. ఎర్రటి ఆయిల్ దీపం మామూలు కన్నా రెండు మూడు క్షణాలు ఎక్కువ వెలిగి ఆరుతుంది, ఖాళీ ఫిల్టర్ నిండటానికి పట్టే సమయం అది. కొన్ని క్షణాల్లో ఆరకపోతే వెంటనే ఇంజన్ ఆపి కారణం వెతకాలి. దీపం ఆరితే ఒక నిమిషం నడపనిచ్చి ఆపి, బోల్టు చుట్టూ, ఫిల్టర్ చుట్టూ టార్చితో చూడండి. ఆ తర్వాత కారును దించి, చదును నేల మీద ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. వాలుగా ఎత్తి ఉన్నప్పుడు చూసిన కొలత తప్పు చెబుతుంది.

దింపిన పాత ఆయిల్‌ను గరాటుతో కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే పోసి గట్టిగా మూత పెట్టండి. ఎంత దిగిందో అందులోనే కొలత తెలుస్తుంది, మీరు పోసిన దానికి చాలా తక్కువ దిగి ఉంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందనో కారుతోందనో ముందే గ్రహించవచ్చు. ఆ డబ్బాను పాత ఆయిల్ సేకరించే చోట ఇవ్వండి. కాలువలోనో మట్టిలోనో పోయడం ఎవరికీ తగదు. అది నీటి మీద పొరలా పరుచుకుంటుంది, అందులో అరిగిన లోహాలూ, దహనంలో పుట్టిన విషపదార్థాలూ ఉంటాయి. ఆ కారణంగానే చేతికి కూడా తగలకుండా నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, తడిసిన గుడ్డను జేబులో పెట్టుకోకండి. సేకరించిన పాత ఆయిల్‌ను శుద్ధి చేసి తిరిగి ఆయిల్‌గా తయారుచేస్తారు, కాబట్టి దానిలో పెట్రోల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ వంటివేవీ కలపకండి.

ప్రశ్న అడిగినవారు

పని పూర్తయింది. పొడి గ్లోవ్‌తో ఫిల్టర్ రాలేదు, టోపీ సాకెట్ తెచ్చాక పావు చుట్టుకే లొంగింది. రిపేరు పుస్తకంలో నా కారు బోల్టుకు 35 న్యూటన్ మీటర్లని ఉంది. టార్క్ రించ్ టక్కుమన్నప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను, ఎందుకంటే నేను నా అంచనాతో బిగించి ఉంటే ఇంకా చాలా దూరం వెళ్లేవాణ్ణి. పాత ఫిల్టర్ రింగు దానికే ఉంది, అయినా మీరు చెప్పినట్టు ఇంజన్ ముఖాన్ని వేలితో తడిమి చూశాను.

పాత ఆయిల్ కొలిస్తే 3.4 లీటర్లు దిగింది. మొదట 3.2 లీటర్లు పోసి, ఇంజన్ నడిపి, చదును నేల మీద చూస్తే డిప్‌స్టిక్ సగం దాటి ఉంది, మరో 0.3 లీటర్లు కలిపాక పై గీతకు ఒక గోరంత కింద నిలిచింది. అక్కడితో ఆపాను. దీపం మూడు క్షణాల్లో ఆరింది.

ఒక్కటి మాత్రం భయపెట్టింది. ఇంజన్ ఆపి చూస్తే ఫిల్టర్ కిందున్న అడ్డు కమ్మీ మీద నుంచి చుక్క వేలాడుతోంది. రింగు జారిందేమోనని గుండె జారిపోయింది. కానీ చుక్క రంగు నల్లగా ఉంది, కొత్త ఆయిల్ అయితే తేనె రంగులో ఉండాలి కదా అనిపించింది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు కమ్మీ గాడిలోకి ఒలికినదే అది. గాడిని శుభ్రంగా తుడిచి, బోల్టు కిందా ఫిల్టర్ కిందా ఒక తెల్ల అట్ట పరిచి, రాత్రంతా కారును అక్కడే ఉంచాను. ఈ ఉదయం అట్ట మీద ఒక్క మరక లేదు. ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి మళ్లీ అదే అట్ట పరిచాను, సాయంత్రానికి కూడా అది తెల్లగానే ఉంది. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడ్ రాసి అట్ట ముక్కను సర్వీసు పుస్తకంలో పెట్టుకున్నాను.